టికెట్టు కొని విన్న ఢావ్లో

రఘునాథపల్లి దగ్గరి ఆ తండాలో గోరీకి నోరెక్కువని అందరూ అంటారు. ఢావ్లో పాడాలంటే మాత్రం గోరీయే పాడాలని కూడా వాళ్లే అంటారు. లంబాడీల పెళ్లిలో అత్తవారింటికి బయలుదేరే పిల్ల కన్నవాళ్ల మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే పాట అది. పిల్ల ఒక మాట పాడితే తల్లి దానికి బదులు పాడాలి. పెళ్లి కుదిరిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని గోరీ ఎందరికి నేర్పిందో ఆమెకే గుర్తులేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, సొంత కూతురి దగ్గర ఆమె పాట సాగలేదు.

కూతురు కవిత జనగామలో నర్సు. పెళ్లి వచ్చే నెలలోనే.

"ఫంక్షన్ హాల్ల అందరి ముంగట ఏడ్సుకుంట పాడుమంటవా? పెండ్లికొడుకు దోస్తులు నవ్వుతరే అమ్మా," అన్నది.

అట్లా అన్నదని తల్లి మీద ప్రేమ లేని పిల్ల కాదు. పెళ్లయితే మళ్లీ కుదరదని, సెలవు పెట్టి మరీ తల్లిని భూపాలపల్లి అవతల అడవిలోని ఒక రిసార్టుకు తీసుకుపోయింది. అక్కడ గేటు పక్కన బోర్డు కనిపించింది. 'తండా విందు, లంబాడీ ఆటపాటలతో భోజనం'.

"మనింట్ల లేందా? వద్దు తియ్," అన్నది కవిత.

గోరీ వినలేదు. "పోదాం బిడ్డా. కార్లేసుకొని అచ్చినోళ్లు పైసలు వెట్టి మన పాట ఇంటున్నరు. నీకేమో సిగ్గాయె. కండ్లార సూడు జర."

పదిమంది మెచ్చుకోవడం చూస్తే పిల్ల మనసు కరుగుతుందని ఆమె ఆశ. ఆ ఆశతోనే పెళ్లికని దాచుకున్న అద్దాల రవిక, కుచ్చుల ఘాగ్రా ఆ సాయంత్రమే కట్టుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు. గుమ్మం దగ్గరి మనిషి ఆమెను పైనుంచి కిందికి చూసి, "ఆర్టిస్టులు వెనక నుంచి వెళ్లాలమ్మా. మీ భోజనాలు ఆఖర్న," అన్నాడు. కవిత మొహం ఎర్రబడింది. టికెట్లు తీసి అతని ముందు పెట్టింది. నోరెక్కువని పేరున్న గోరీ తల దించుకుని కూతురి వెనకే లోపలికి నడిచింది.

రొట్టెలు చల్లారి అట్టల్లా ఉన్నాయి. కూరలో ముక్క కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. గోరీ అదేం పట్టించుకోలేదు. వేదిక మీదికి ఏదో తండా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నడిచొచ్చి ఢావ్లో ఎత్తుకుంది. మంచి గొంతు. గోరీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

రెండు మాటలైనా పూర్తికాలేదు. మైకు పట్టుకున్నవాడు, "ఇది పెళ్లికూతురి ఏడుపు పాటండీ! అందరూ లేచి ఏడవాలి!" అని అరిచాడు. స్పీకరు పెట్టెల్లోంచి డప్పు మోత మొదలైంది. జనం లేచి, ఒకరి మెడ ఒకరు పట్టుకుని, ఊ ఊ అని దొంగ ఏడుపులు ఏడుస్తూ చిందులేశారు. ఫోన్లలో తీసుకున్నారు. ఆ పెద్దావిడ చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

కవిత చెయ్యి విడిపించుకుంది. "సూసినవా అమ్మా? నేను జెప్పింది గిదే," అన్నది మెల్లగా. కోపంగా అన్నా బాగుండేదని గోరీకి అనిపించింది.

ఎరక్కపోయి వచ్చి ఇరుక్కుపోయినట్టయింది ఆమె పని. ఉన్న కాస్త ఆశనూ తానే చేజేతులా పోగొట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో పాట మాటే ఎత్తలేదు.

పెళ్లి బాగానే జరిగింది. అప్పగింతలప్పుడు డీజే ఆపారు. కారు తలుపు తీసి పట్టుకుని తండ్రి హరిలాల్ కళ్లు తుడుచుకుంటున్నాడు. కవిత కారు దాకా వెళ్లి, వెనక్కి పరుగెత్తుకొచ్చి తల్లి మెడ చుట్టేసింది. బడికి పోయిన నాటి నుంచి అమ్మా అని పిలిచే పిల్ల, "యాడీ" అన్నది. తండా పిల్లలు తల్లిని పిలిచే పిలుపు అది.

"యాడీ, నాకు రాదు. నువ్వన్న పాడు."

గోరీ నోరు తెరిచింది. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. రిసార్టులో మెడలు పట్టుకుని చిందులేసిన ఆ జనమే కళ్లముందు కనబడ్డారు. తెరిచిన నోరు మూసుకుంది. ఎంతమంది పిల్లలకో పాట అందించిన మనిషి, తన పిల్ల వీపు నిమురుతూ అట్లాగే నిలబడింది. కవిత కాసేపు ఎదురుచూసి, మెడ వదిలి, వెళ్లి కారెక్కింది.