ఇసిద్రో ఎందుకు రానన్నాడు

టాన్ ఎంగ్రేసియా వంటింట్లో వెనిగర్ సీసా మీద చిన్న గీత ఉంటుంది. మేకుతో ఆవిడే గీసుకుంది. ఎవరు వాడినా తెలిసిపోవాలి కదా. ఆ ఇంట్లో వెనిగర్ వాడేది ఆవిడ ఒక్కతే, అది వేరే సంగతి.

మా దీవిలో పెద్దావిడని టాన్ అంటారు; ఇనలాహన్ ఊళ్ళో ఈ టాన్ అనుమానం గురించి తెలియనివాళ్ళు లేరు. బడి వంటశాలలో రిటైరయ్యేదాకా వండింది. అక్కడ కూడా బియ్యం బస్తా కుట్టు విప్పే ముందు వేళ్ళతో తడిమి చూసేదట, దారిలో ఎవరైనా విప్పి మళ్ళీ కుట్టారేమోనని. చేపలు అమ్మేవాడు తూకం వేస్తుంటే ఆవిడ చేప వైపు చూడదు, వాడి మోచెయ్యి వైపు చూస్తుంది. ఫాదర్ ప్రసంగం పొట్టిగా ముగిస్తే ఎక్కడికో పోయే పని ఉంది అంటుంది, పొడుగ్గా చెప్తే ఏదో దాస్తున్నాడు అంటుంది. మొగుడు బతికున్నప్పుడు ఆయన ఈల వేసుకుంటూ ఇంటికొస్తే చాలు, చొక్కా వాసన చూసేదట. పాపం ఆయన ఈల వేయడమే మానేశాడు.

తమ్ముడు ఇసిద్రో కూడా ఆవిడ చేతిలో తక్కువ పడలేదు. పెళ్ళి చేసుకోలేదు. బయటి వంటపాక పక్కన గదిలో ఉంటాడు, వలలు బాగుచేస్తాడు, వక్క నములుతాడు, అడిగితే తప్ప నోరు విప్పడు. వయసులో ఉన్నప్పుడు ఒక ఏడాది పాటు ప్రతి శనివారం పొద్దున్నే కత్తి పట్టుకుని స్మశానానికి వెళ్ళి గడ్డి కోసొచ్చేవాడు. ఒక్కసారిగా అంత భక్తి ఏంట్రా అని అక్క అడిగితే, బాగుంటుంది కదక్కా అన్నాడంతే. స్మశానం వెనక వీధిలో ఒక విధవ ఉండేది. ఎంగ్రేసియా రెండు శనివారాలు గోడ చాటున నిలబడి కాపలా కాసింది. వాడు నిజంగానే గడ్డి కోస్తున్నాడు. అయినా ఆవిడ నమ్మలేదు. నన్ను చూసుంటాడు, అందుకే కోశాడు అనుకుంది.

ఇదంతా నవ్వుకోడానికి బాగుంటుంది. జోవిటా చెవి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వులాట పోయింది.

జోవిటా ఎంగ్రేసియా మేనకోడలి కూతురు. తల్లి ఇంకో దీవి సైపాన్‌లో హోటల్ పనికి వెళ్ళి, అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుని, పిల్లని ఈవిడ చేతిలో పెట్టింది. మా వైపు ఇది మామూలే. పిల్లని ఇచ్చారు, పెంచుకున్నారు, అయిపోయింది, కాగితాలు ఎవడిక్కావాలి? ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదు కూడా. ఇప్పుడు పిల్ల ఎడమ చెవిలో చీము ఆగట్లేదు, మనీలా తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలి, ఇంకా ఆలస్యమైతే ఆ చెవి పోతుంది అని డాక్టర్ చెప్పాడు. మనీలా ఆసుపత్రివాళ్ళు అడిగిన మొదటి మాట, ఈ పిల్లకి సంరక్షకులు ఎవరు, కోర్టు కాగితం చూపించండి అని.

కోర్టుకి వెళ్తే వాళ్ళు ఇంకో రెండు అడిగారు. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ప్రతి ఒక్కళ్ళూ పోలీసుల దగ్గర ఒక కాగితం, కోర్టు దగ్గర ఒక కాగితం తేవాలి. ఎప్పుడైనా పట్టుకున్నారా లేదా అన్నది పోలీసు కాగితం చెప్తుంది. పట్టుకుంటే ఆ కేసు చివరికి ఏమైందన్నది కోర్టు కాగితం చెప్తుంది. ఒకటి ఉండి ఒకటి లేకపోతే పని జరగదు.

ఇంట్లో పెద్దవాళ్ళు అంటే ఇద్దరే. ఆవిడ, ఇసిద్రో.

రేపు వెళ్దాం రా అంది. రేపు పోటు బాగుంటుందక్కా, చేపలు పడతాయి అన్నాడు. మర్నాడు ట్రక్కు స్టార్ట్ అవ్వట్లేదన్నాడు. ఆ మర్నాడు లైసెన్స్ కనబడట్లేదు, అది లేకుండా పోలీసులు కాగితం ఇవ్వరు కదా అన్నాడు. వాడు సముద్రానికి వెళ్ళాక ఎంగ్రేసియా గది వెతికింది. లైసెన్స్ వల బుట్టలో, సీసం గుళ్ళ కింద, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉంది. పోయిన వస్తువుని ఎవరూ అంత జాగ్రత్తగా చుట్టరు.

ఆవిడ దాన్ని ఉన్నచోటే పెట్టేసింది. తలుపు వేసి బయట మెట్టు మీద కూర్చుంది. జీవితంలో మొదటిసారి, అనుమానం వచ్చినందుకు ఆవిడకే భయం వేసింది.

ఏం చేసుంటాడు? తాగి కొట్టాడా? దొంగతనమా? అలాంటివైతే ఊరికి తెలిసేవి, ఈ ఊళ్ళో కోడి పోయినా మధ్యాహ్నానికి దొంగ పేరు తెలుస్తుంది. అందరికీ తెలియకుండా ఉండిపోయే పనులు కొన్ని ఉంటాయి. ఇంట్లోవాళ్ళు నోరు నొక్కేసేవి. పిల్లల విషయంలో జరిగేవి. ఆ మాట మనసులోకి రాగానే ఆవిడ లేచి లోపలికెళ్ళిపోయింది. వరండాలో, ఇసిద్రో గదికి ఎదురుగా ఉండే జోవిటా చాప తీసుకొచ్చి తన గదిలో వేసింది. ఎందుకమ్మమ్మా అంటే, గాలి తగిలితే నీ చెవికి మంచిది కాదు అంది.

సాయంత్రం ఇసిద్రో వరండా మీదకొచ్చి, చాప ఉండే చోటు చూశాడు. ఆ రోజు నుంచి వాడు లోపలికొచ్చి తినడం మానేశాడు. పాక గుమ్మం దగ్గర కంచం అందుకుని అక్కడే తినేవాడు. చూశావా, తప్పు చేసినవాడే ఇలా దూరం జరుగుతాడు అనుకుంది ఎంగ్రేసియా.

వాడు రాకపోతే తనే తెచ్చుకుంటుంది. చర్చికి వేసుకునే గౌను వేసుకుని బస్సెక్కి పోలీసు ఆఫీసుకి వెళ్ళింది. రికార్డుల కిటికీ దగ్గర కుర్రాడు పెద్దవాళ్ళకి దండం పెట్టే మా పద్ధతిలో వంగి ఆవిడ చేతిని ముక్కుకి ఆనించుకున్నాడు, ఏం కావాలి టాన్ అని మర్యాదగానే అడిగాడు, పని మాత్రం చేయలేదు. ఎవరి రికార్డు వాళ్ళే వచ్చి అడగాలట. లేదా వాళ్ళు సంతకం పెట్టి, నోటరీ చేయించి ఇచ్చిన కాగితం ఉండాలట. నేను వాడి అక్కని, వాడి ముక్కు తుడిచిందాన్ని అని ఆవిడ వాదించింది. ముక్కుకి నోటరీ అక్కర్లేదు టాన్, రికార్డుకి కావాలి అన్నాడు కుర్రాడు. కానీ వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచి మంచి మాట ఒకటి చెప్పాడు. పోలీసు రికార్డు అంటే మనిషి సొంతం, కోర్టు ఫైలు అలా కాదు, కేసు నడిచుంటే అది ఎవరైనా అడిగి చూడొచ్చు, రాజధాని హగాట్నా వెళ్ళి కోర్టు క్లర్కు ఆఫీసులో అడగండి.

కోర్టు కిటికీలో ఒక అమ్మాయి కూర్చుంది. ఎంగ్రేసియా ముందుగా అడగాల్సింది అడిగింది, నువ్వు ఎవరి తాలూకు అని. ఆ అమ్మాయి పేరు లియోనా, పక్క ఊరు మలెస్సోలో రొయ్యల ఇంటివాళ్ళు అని పిలిచే కుటుంబం మనవరాలు. మీ అమ్మమ్మ అరువు తీసుకెళ్ళిన గిన్నె ఇంకా నాకు రాలేదు అంది ఎంగ్రేసియా. చెప్తాను టాన్ అంది లియోనా, చూడాల్సిన మనిషి పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండి, కేసు నంబరు తెలిస్తే ఇంకా తేలిక.

నంబరు తెలియదు. ఏ ఏడాదో కూడా తెలియదు. లియోనా కంప్యూటర్‌లో కొట్టి చూసింది, కాస్త ఆగింది, మళ్ళీ కొట్టింది. ఆ ఆగడం ఎంగ్రేసియాకి నచ్చలేదు.

"ఒకటుంది టాన్. పాతది. ఫైలు గోడౌన్ నుంచి రావాలి, వచ్చే వారం రండి."

"ఏం కేసు?"

"ఇందులో నంబరు, పేరు మాత్రమే ఉన్నాయి. ఫైలు వస్తే మీరే చదువుకోవచ్చు."

"నాకెందుకు కావాలో నువ్వు అడగవా?"

"అడగం టాన్. ఎవరికీ చూపించొద్దని జడ్జి చెప్పిన కేసులు, చిన్నపిల్లల కేసులు తప్ప ఎవరికైనా చూపిస్తాం."

బస్సులో తిరిగొస్తుంటే ఆవిడకి కొత్త బెంగ పట్టుకుంది. ఎవరైనా ఎవరిదైనా చూడొచ్చు అంటే, ఇన్నేళ్ళలో తన పేరు పెట్టి ఎవరు అడిగుంటారు? ఎదురింటి కాన్సెప్సియాన్ అడిగే ఉంటుంది. ఆ ముఖమే చెప్తుంది.

ఆ వారం ఎలా గడిచిందో ఆవిడకే తెలుసు. జోవిటా మామూలుగానే తాతయ్యా తాతయ్యా అంటూ పాక దగ్గరికి పరిగెత్తేది. ఎంగ్రేసియా ఏదో పని చెప్పి వెనక్కి పిలిచేది. ఇసిద్రో తల ఎత్తకుండా వల కుట్టుకునేవాడు. ఒకసారి పిల్ల కోసం కొబ్బరి ఆకుతో చేప అల్లి ఇచ్చాడు. ఎంగ్రేసియా దాన్ని కూడా విప్పి చూసింది. లోపల ఏముంటుంది, ఇంకో ఆకు ఉంది.

వారం తర్వాత లియోనా ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది. పల్చగా ఉంది. ఎంగ్రేసియా కళ్ళజోడు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది. మొదటి కాగితం మీద తమ్ముడి పేరు, కింద నేరం.

గబ్బిలాలు. చట్టం కాపాడే పళ్ళ గబ్బిలాల్ని ఉత్తరాన కొండ చరియల మీద వేటాడి పట్టుకున్నందుకు.

ఆవిడకి ముందు ఊపిరి వచ్చింది. ఆ తర్వాత తేదీ చూసింది. వాళ్ళమ్మ ఆఖరి పుట్టినరోజు. అప్పటికే అమ్మకి అన్నం సహించడం లేదు. కొబ్బరిపాలలో ఉడికించిన గబ్బిలం ఒక్కసారి తినాలని ఉంది అని అడిగితే, ఇసిద్రో రెండు రోజులు కనబడకుండా పోయి గోనెసంచితో వచ్చాడు. వండింది ఎంగ్రేసియా. అమ్మ తింది. ఊరంతా తింది. మర్నాడు ఇద్దరు ఆఫీసర్లు వచ్చి నిన్న కుండలో ఏముందని అడిగితే, కోడి అని చెప్పింది. కోడే, కావాలంటే కూర్చోండి పెడతాను అంది. వాళ్ళు వద్దని వెళ్ళిపోయారు. అక్కడితో అయిపోయిందనే ఆవిడ ఇన్నేళ్ళూ అనుకుంది.

అయిపోలేదు. రెండో కాగితం ఆవిడ మాటే. వంట చేసిన అక్క కోడి అని చెప్పింది, కింద ఆవిడ సంతకం. ఆ రోజు ఏదో కాగితం మీద సంతకం పెట్టిన గుర్తు లీలగా ఉంది, ఆఫీసర్ల ముఖం మీద తలుపు వేసే తొందరలో చదవలేదు. బియ్యం బస్తా కుట్టు తడిమి చూసే మనిషి ఆ ఒక్కటీ చదవలేదు. మూడోది ఆవిడ బడి వంటలో ఉన్నప్పుడు పెరట్లో తవ్వి తీసిన ఎముకల గురించి. అవి కోడివి కావట.

చివర్న జడ్జి ముందు జరిగిన మాటలు టైపు చేసి ఉన్నాయి. పట్టింది ఎవరు అని అడిగారు. నేనే అన్నాడు ఇసిద్రో. వండింది ఎవరు? నేనే. మీ అక్క కోడి అని చెప్పింది కదా? నేను ఆమెకి కోడి అనే చెప్పానండీ, ఆమెకి తెలియదు.

ఎంగ్రేసియా కళ్ళజోడు తీసేసింది. వీడు అన్నం వార్చడం కూడా రాని మనిషి. గబ్బిలం రెక్క చూసి కోడి అనుకునే గుడ్డిదాన్నా నేను? వీడి మాట నమ్మిన ఆ జడ్జి ఎవరో గానీ భోజనం అంటే తెలియని మనిషి. శిక్ష ఏంటంటే, ఏడాది పాటు ప్రతి శనివారం ఊరి స్మశానం శుభ్రం చేయాలి.

గోడ చాటున తను నిలబడ్డ శనివారాలు కళ్ళముందు కదిలాయి. అప్పుడు వాడు తనని చూసే ఉంటాడు. చూసి కూడా చెప్పలేదు.

లియోనా నెమ్మదిగా అడిగింది, మొత్తం ఫైలు కాపీ కావాలా అని. ఎంగ్రేసియా అనుమానంగా చూసింది. ఇదంతా జడ్జి చదివితే నాకు పిల్లని ఇస్తారా, పోలీసులకి అబద్ధం చెప్పినదాన్ని అని మనసులో ఉంది, నోట్లోంచి మాత్రం, ఎందుకు అడుగుతున్నావు అని వచ్చింది.

"ఎందుకంటే సంరక్షణ కేసుకి ఇదంతా అడగరు టాన్. పోలీసు కాగితంలో పట్టుకున్నారు అని మాత్రమే వస్తుంది. అది ఎలా ముగిసిందో చూపించే ఆఖరి పేజీ మీద సీల్ వేసి ఇస్తాను. రెండూ కలిపి పెట్టండి. శిక్ష పూర్తయింది అని అందులోనే ఉంది."

"మిగతా పేజీలు?"

"ఎవరైనా వచ్చి అడిగితే చూస్తారు. మీరు వచ్చినట్టే."

ఆ సమాధానం ఆవిడకి పూర్తిగా ధైర్యం ఇవ్వలేదు. అయినా సీల్ వేసిన పేజీ తీసుకుంది. లియోనా వేసిన సీల్ సరిగ్గా పడిందా లేదా అని వెలుతురుకి పట్టి చూసి మరీ తీసుకుంది.

ఇంటికొచ్చేసరికి ఇసిద్రో పాక దగ్గర వల కుడుతున్నాడు. ఎంగ్రేసియా పేజీ వాడి ఒళ్ళో పెట్టి ఎదురుగా కూర్చుంది. వాడు చదవలేదు. సీల్ చూసి ఏంటో తెలుసుకున్నాడు.

"మొత్తం చూశావా?"

"చూశాను. వంటవాడివట."

"ఇంకేం చెప్పమంటావు? నిన్ను కూడా లాగేవాళ్ళు. అమ్మని ఎవరు చూసేవాళ్ళు?"

"అయితే ఇప్పుడెందుకు దాచావురా? నాకు చెప్తే ఏమయ్యేది?"

"నీకు చెప్తే నువ్వు ఊరుకోవు. కోర్టుకి పోయి కోడే అని మళ్ళీ వాదిస్తావు. ఫైలు బయటికి రాకపోతే నీ సంతకం ఎవరూ చూడరు, నీ ఒక్కదాని కాగితాలతోనే పిల్ల నీకొస్తుంది అనుకున్నాను."

నిజంగానే వాదించేది, అది ఆవిడకీ తెలుసు. ఇసిద్రో సూదిలోకి దారం ఎక్కిస్తూ, చూడకుండానే అన్నాడు.

"చాప ఎందుకు తీశావో నాకు తెలుసక్కా."

అంతే అన్నాడు. ఎంగ్రేసియా నోరు తెరిచింది, గాలి, చెవి, చలి అని ఏదో అనబోయింది. అబద్ధం వాడి ముందు సగంలోనే ఆగిపోయింది. లేచి లోపలికెళ్ళి, జోవిటా చాప చుట్టి తెచ్చి వరండాలో పాత చోటే పరిచింది. వాడు చూస్తుండగా పరిచింది. సాయంత్రం కంచం పాకకి పంపలేదు. బల్ల మీద పెట్టి, ఎర్రన్నం ఆరిపోతోంది అని కేక వేసింది. వాడు వెంటనే రాలేదు. కొంతసేపటికి వచ్చాడు. కూర్చుని తిన్నాడు, ఆవిడ వైపు మాత్రం చూడలేదు.

తర్వాత జడ్జి సంరక్షణ కాగితం మీద సంతకం పెట్టాడు, గబ్బిలాల గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. జోవిటా మనీలా వెళ్ళొచ్చింది. ఆవిడ మాత్రం ఇప్పటికీ, ఎందుకు అడగలేదంటావు అని అప్పుడప్పుడు అంటుంది.

పోలీసు ఆఫీసుకి ఇద్దరూ కలిసి వెళ్ళిన రోజు సంగతి ఒకటి ఉంది. ఇసిద్రో చర్చి చొక్కా వేసుకున్నాడు, లైసెన్స్ జేబులోంచి తీశాడు, ఇంకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. కుర్రాడు ముందు ఇసిద్రో కాగితం ఇచ్చాడు. తర్వాత ఎంగ్రేసియాది. ఆవిడ చెయ్యి చాపింది, కానీ ఇసిద్రో ముందే అందుకున్నాడు. కిటికీ దగ్గరే నిలబడి, వెనక క్యూ ఉన్నా లెక్క చేయకుండా, పైనుంచి కిందదాకా ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివాడు. తిప్పి వెనక వైపు కూడా చూశాడు.

"ఏముందిరా అందులో?"

"ఏం లేదంటున్నారు," అన్నాడు ఇసిద్రో, కాగితం మడిచి తన జేబులోనే పెట్టుకుంటూ. "ఇంటికెళ్ళాక మళ్ళీ చూడాలి."