దండ వేయని పటం

మొన్న ఫాల్గుణ మాసంలో, ఎండలు ఇంకా ముదరకముందే, మా కోడలు నన్ను కరీంనగర్‌లోనే ఏదో చిత్రకళా ప్రదర్శన ఉందని తీసుకుపోయింది. చల్లటి ఏసీ హాలు, తెల్లటి గోడలు, పటానికీ పటానికీ మధ్య బోలెడంత జాగా, తాకరాదన్న బోర్డులు. జనం కూడా గుడిలో కన్నా మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఒక మూలన ఎవరో నడివయసు మనిషి ముఖచిత్రం ఉంటే దాని ముందు నా కాళ్లు ఆగిపోయాయి. చిత్రం గొప్పదని కాదు. ప్రారంభోత్సవంలో అతిథికి వేసిన బంతిపూల దండను ఎవరో తీసి దాని పక్కనే కిటికీ గట్టు మీద పెట్టారు, దాన్ని చూసి. మోకాళ్ల నొప్పి అనుకొని కోడలు కుర్చీ తెచ్చి వేసింది, నేనూ అవునన్నట్టే కూర్చున్నాను.

మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఈ ఊళ్లో బొమ్మల ప్రదర్శన అంటే జాతరకు తక్కువేమీ కాదు. హోలీకి చల్లుకున్న మోదుగుపూల రంగు గోళ్లల్లోంచి పోకముందే ఆడపిల్లల బడిలో బెంచీలు పక్కకు జరిపి, గోడలకు మేకులు కొట్టి పటాలు వేలాడదీసేవాళ్లు. నిర్మల్ కొయ్యబొమ్మలు, టాకీసుకు పోస్టర్లు రాసే ఆయన గీసిన సీనరీలు, బడిపిల్లల బొమ్మలు అన్నీ ఒక్కచోటే. గేటు దగ్గర పుచ్చకాయ ముక్కలు, ఐసు బండి. పల్లెల నుంచి సద్ది కట్టుకొని వచ్చినవాళ్లు బొమ్మలన్నీ చూసి, బడి ఆవరణలో కూర్చొని తిని, వచ్చిన పనికి న్యాయం చేయాలన్నట్టు మళ్లీ ఒకసారి చూసి పోయేవాళ్లు. మా పెద్దమ్మ ఏటా దీనికోసమే భైంసాలో బస్సెక్కి వచ్చి, సగం తెలుగు సగం మరాఠీలో ప్రతి బొమ్మకూ ఒక వంక పెట్టేది.

ఆ ప్రదర్శన నడిపేది మా ముందరింట్లో కిరాయికి ఉండే డ్రాయింగు సారు. ఆయనకూ మా బాపుకూ, అంటే మా నాన్నకూ, మంచి దోస్తీ. బాపు మేస్త్రి పని చేసేవాడు, నేను బడికి పోయే రోజుల్లోనే మస్కట్ పోయాడు. ఏ దేశం పోయినా మా వాడలో దుబాయి పోయాడనే అనేవాళ్లు. ఆయన పోయాక చెల్లె పుట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్లి ఫొటో వానకు తడిసి మొహాలు చెరిగిపోవడంతో, చెల్లె మాటలు నేర్చాక అంగీ వేసుకున్న ప్రతి మగమనిషినీ బాపు అనడం మొదలుపెట్టింది. పాలు పోసే ఆయన్ను కూడా అన్న రోజున వాడంతా నవ్వింది. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం; అవ్వ మాత్రం నవ్వలేదు.

అది చూసి సారు, బాపు మొహం తనకు గుర్తేననీ, పటం గీసిస్తాననీ అన్నారు. అవ్వ పరాయి మగవాళ్ల ఎదుట నిలబడి మాట్లాడేది కాదు. సారు బొమ్మను మా తలుపు వైపు తిప్పి పెట్టుకొని గీస్తుంటే, ఆమె తలుపు చాటు నుంచి చూస్తూ తప్పులు చెప్పేది, నేను అటూ ఇటూ మాటలు మోసేదాన్ని. "కనుబొమ్మలు గంత దగ్గర ఉండయని చెప్పు బిడ్డా." "మూతి జర నవ్వొస్తే ఆపుకున్నట్టు ఉంటదని చెప్పు." భర్త పేరు నోటితో పలకని మనిషి ఆయన మొహమంతా పూసగుచ్చినట్టు చెబుతుంటే సారు కుంచె ఆపి వినేవారు. పటం పూర్తయిన రోజున చెల్లె దాని నోటికి అన్నం ముద్ద పెట్టబోయింది.

అప్పటికి బాపు నుంచి ఏ కబురూ లేక నెలలయింది. అక్కడ కడుతున్న గోడ ఏదో కూలిందనీ, మన దిక్కు వాళ్లు కొందరు దాని కింద పడ్డారనీ, సెలవు మీద వచ్చినవాళ్లు అన్న మాట మా వాడకు చేరింది. అవ్వ ఆ మాట విననట్టే ఉండేది కానీ, రొట్టెలు చేస్తూ చేస్తూ పెనం మీద రొట్టె మాడేదాకా ఊరకే చూస్తుండేది. ప్రదర్శన అయ్యేదాకా పటం అక్కడ పెట్టుకుంటానని సారు అడిగితే సరేనంది. నలుగురూ చూస్తే ఆయనకు ఆయుష్షు పెరుగుతుందని అనుకుందో ఏమో.

ప్రదర్శన రోజున అవ్వ పెట్టెలో దాచుకున్న చీర కట్టుకొని, మా ఇద్దరినీ తీసుకొని పెద్దమ్మతో కలిసి వచ్చింది. మేం పోయేసరికి ప్రారంభోత్సవం అయిపోయింది. అతిథి దండ తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోతే, పూలు కాళ్ల కింద పడతాయని బడి ఆయా దాన్ని తీసి ఎదురుగా కనబడ్డ బాపు పటానికి వేసింది. ఆమెను ఏమనగలం? ఆమె చూసిన బళ్లలో, ఆఫీసుల్లో ఫ్రేములో ఉన్న మగమనిషి అంటే కాలం చేసిన పెద్దమనిషే, దండ వేయడం మర్యాదే. పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆ పటానికి దండం పెట్టి, పక్కన నిలబడ్డ అవ్వను ఆప్యాయంగా అడిగింది, "ఎప్పుడు పోయిండు బిడ్డా?"

అవ్వ చంకలోని చెల్లెను నాకిచ్చి, హాలు నిండా మగవాళ్లున్నారని కూడా చూడకుండా బెంచీ ఎక్కి దండ తీసేసింది. నూనె రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. భుజం దగ్గర ఒక పూరేకు అతుక్కుంటే గోటితో గీకింది, అక్కడ రంగు లేచి చిన్న మచ్చ పడింది. సారు గబగబా వచ్చి సరిచేసి ఇస్తానమ్మా అన్నారు. అప్పుడు అవ్వ మొట్టమొదటిసారి, నన్ను మధ్యలో పెట్టుకోకుండా, సారుతో నేరుగా మాట్లాడింది. "వద్దు సారూ, గట్లనే ఉండనియ్యుండ్రి. ఆయన బతికున్నడు." గొంతు పెద్దదేమీ కాదు కానీ హాలంతా వినబడింది. పెద్దమ్మ ఏ వంకా పెట్టకుండా పటం రెండో కొస పట్టుకుంది, ఇద్దరూ బజారు మధ్యలోంచి దాన్ని ఇంటికి మోసుకొచ్చారు.

ఉగాది వెళ్లాక ఒక మధ్యాహ్నం బాపు వచ్చాడు. గోడ మాట నిజమే. కాలు విరిగి అక్కడి దవాఖానలో పడి ఉన్నాడట, చెబితే ఇంట్లో పరేషాన్ అవుతారని కబురు చేయలేదట. కుంటుకుంటూ వచ్చిన ఆ చిక్కిపోయిన మనిషి దగ్గరకు చెల్లె పోనే లేదు, గోడ వైపు వేలు చూపించి "మా బాపు గాడున్నడు" అంది. ఆయన మూతి అచ్చం అవ్వ చెప్పినట్టే, నవ్వొస్తే ఆపుకున్నట్టు అయి, అంతలోనే ఏడుపులోకి జారింది. అవ్వ కూడా అప్పుడు ఏడ్చింది, అన్ని నెలల ఏడుపూ.

ఆ తర్వాత బాపు మళ్లీ దేశం దాటలేదు, ముసలితనం వచ్చేదాకా మా మధ్యనే బతికాడు. ఆయన పోయినప్పుడు చుట్టాలు ఆ పటాన్నే తుడిచి దండ తెస్తే అవ్వ అడ్డం నిలబడింది. "నా చేత్తోటి తీసిన దండ అది. మల్ల ఎయ్యనియ్య." ఇప్పుడు అవ్వా లేదు, ఆమె మాట మాత్రం నేను దాటలేదు.

మొన్న ఆ ఏసీ హాలు నుంచి ఇంటికి వస్తుంటే, ఆటోలోనే కోడలు ఫోనులో మా అబ్బాయిని చూపించింది. ఆదిలాబాద్‌లో ఉద్యోగం వాడికి. రోజుకు ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కనబడతాడు, నాకు సంతోషమే; ఈ కాలంలో ఏ పసిబిడ్డకూ పాలాయనను బాపు అనాల్సిన గతి లేదు. అయినా ఫోను పెట్టేశాక కళ్లు మూసుకొని, ఎవరైనా కుంచె పట్టుకొని కూర్చుంటే వాడి కనుబొమ్మలు ఎట్లా ఉంటాయో చెప్పగలనా అని చూసుకున్నాను. చెప్పలేకపోయాను, నా మీద నాకే జాలేసింది.

ఇంటికొచ్చి లైటు వేస్తే ముందు గదిలో బాపు, భుజం మీద మచ్చతో, మెడ బోసిగా, నవ్వు ఆపుకుంటూ ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఆ పటం చూసి మీ నాన్నగారు బాగున్నారా అని అడుగుతుంటారు. బాగున్నాడనే చెబుతుంటాను.