నేను తక్కువ చెప్పిన బర్రెలు

మా యారాలి పాలచెంబు నిండుతుంటే నా కడుపు మండేది. ఇంత వయసొచ్చాక ఇంకా దాచుకోవడం దేనికి?

ఫలక్‌నుమా గుట్ట కింద ఒకే వాకిట్లో మావి రెండు కొట్టాలు. నేను పెద్ద కోడలిని, నావి ఐదు బర్రెలు. ఆమె చిన్న కోడలు, ఆమెవి మూడే. అయినా నవాబుల దేవిడీల నుంచి పాలకు వచ్చే నౌకర్లు నా గడప దాటి ఆమె గడపలోకి పోయేవాళ్లు. ఆమె పాలు చిక్కనట. నావి ఏమైనా మూసీలో ముంచి తెచ్చానా? పైగా ఆమె పుట్టిల్లు బేగంబజార్‌లో మూటలు మోసే ఇల్లు. పెళ్లయ్యాకే బర్రె పొదుగు మీద చేయి వేసింది. అదే నాకు ఇంకా మంట.

గుట్ట వెనక సర్కారు కంచె ఉండేది. కంచె అంటే మా వైపు మేత భూమి. ఎవరి పశువైనా పోయేది, కడుపు నిండా మేసి వచ్చేది. అందరి పశువులూ మేసీ మేసీ నేల బయటపడింది. పెద్ద యుద్ధానికి ముందు సంగతి ఇది. సర్కారు వాళ్లు వచ్చి, ఇక గడ్డిని మేమే కాపాడతామన్నారు. సగం కంచె మూసేస్తారట. మిగతా సగంలో మెడకు ఇత్తడి బిళ్ల ఉన్న పశువే మేయాలట. ఎవరికెన్ని బిళ్లలో తేల్చడానికి ఒక గిర్దావర్ ఇల్లిల్లూ తిరిగాడు.

పాడి ఉన్న ఇంట్లో పశువుల లెక్క పరాయివాడికి నిజం చెప్పరు. దిష్టి తగులుతుంది. కాపురానికి వచ్చిన వారానికే మా అత్త నాకు నేర్పిన పాఠమది. గిర్దావర్ వచ్చేసరికి నేను నాలుగు బర్రెలను గుట్ట వెనక్కి తోలేశాను.

"ఒక్కటే సాబ్, అది గూడ ఒట్టిపోయింది" అన్నాను.

బస్తీ అంతా అలాగే చెప్పింది. పదున్నవాళ్లు రెండన్నారు, ఆరున్నవాళ్లు ఒకటన్నారు. మా యారాలు కాపురానికి వచ్చేసరికి అత్త లేదు, ఆమెకు ఈ సంగతి తెలియదు, అడగాలనీ తోచలేదు. మూడు బర్రెలనూ వరసగా నిలబెట్టి చూపించింది.

తర్వాతి వారం బిళ్లలు వచ్చాయి. నాకు ఒకటి, ఆమెకు మూడు. మా వీధిలో ఎన్ని బర్రెలుంటే అన్ని బిళ్లలు వచ్చింది ఆమె ఒక్కదానికే. ఆమె బర్రెలు మెడలో ఇత్తడి మెరిపించుకుంటూ నా వాకిట్లోంచే కంచెకు పోయేవి. నా నాలుగూ కట్టుకొయ్య దగ్గర అరిచేవి. నా కళ్లలో నిప్పులు పోసినట్టుండేది.

ఒకరోజు ఆమే వచ్చింది.

"అక్కా, రోజు మార్చి రోజు నా బిళ్లలు నీ బర్లకు కట్టు. నావి ఆ రోజు ఇంట్ల పిండిచెక్క తింటయి."

"నీ బిచ్చం నాకొద్దు" అన్నాను.

ఆ రోజే బస్తీలో లొల్లి మొదలుపెట్టాను. నలుగురు పోగైతే చాలు, గొంతెత్తేదాన్ని.

"సర్కారు గడ్డిని కాపాడుతదట! మన కడుపులెవరు కాపాడాలె?"

మస్తు చెప్పినవమ్మా అని అందరూ మెచ్చుకున్నారు. నా కడుపులో ఉన్నది ఆకలి కాదని, మూడు ఇత్తడి బిళ్లలని మా ఆయనకు మాత్రం తెలుసు.

"గడ్డివాము కాడి కుక్క లెక్క చేస్తున్నవే" అన్నాడు.

వారం పాటు ఆయనకు సరిగ్గా అన్నం వడ్డించలేదు.

దర్ఖాస్తు రాయించి, బర్రెలతో సహా సర్కారు కచేరీ ముందు కూర్చున్నాం. నిజంగా మీకెన్ని పశువులో చెప్పండి, మళ్లీ రాసుకుంటామన్నాడు అక్కడి పెద్ద. ముందు చెప్పిన అబద్ధం ఒప్పుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. నిజం చెబితే నా బర్రెలూ మేసేవి. కానీ ఆమెవీ మేసేవి కదా.

"బిళ్లలే వద్దు సాబ్! ఉంటే అందరికి, లేకుంటే ఎవ్వరికొద్దు" అని అరిచాను. వెనక నుంచి బస్తీ మొత్తం అదే మాట అందుకుంది.

మూడు రోజులకు సర్కారు విసిగి కాపలావాళ్లను తీసేసింది. బిళ్లలు వెనక్కి తీసుకుంది. మూసిన సగంలో అప్పుడే మోకాలెత్తు లేచిన గడ్డి మీద అందరి పశువులూ పడ్డాయి. ఎండలు ముదిరేలోపు వేళ్లతో సహా పోయింది. ఆ ఏడు వానలు సరిగ్గా పడలేదు. మా యారాలు రెండు బర్రెలను అమ్ముకుంది. అవి గడప దాటుతుంటే నా గుండె చల్లబడిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, కానీ చల్లబడింది.

ఆ తర్వాత నావీ మూడు పోయాయి. మిగిలిన రెండింట్లో ఒకటి ఈని, లేవలేక పడుకుంది. దూడ పొదుగును కుమ్ముతోంది, చుక్క రావడం లేదు. అప్పుడు యారాలు నెత్తిన పచ్చిగడ్డి మోపుతో వచ్చింది. ఎక్కడో చెరువు కట్ట మీద పొద్దంతా కోసిందట, చేతులు గీసుకుపోయి ఉన్నాయి. ఆమెకు మిగిలిన ఒక్క బర్రె కూడా ఆకలితోనే ఉంది.

"ముందు దీనికెయ్యి అక్కా, బాలింత" అంది.

ఒక్క ఎత్తిపొడుపు మాటైనా అని ఉంటే బాగుండేది. తిరిగి నాలుగు తిట్టి తేలికపడేదాన్ని. ఆమె మోపు దించి, పిడికెడు పిడికెడుగా బర్రె నోటికి తానే అందించింది.

పాలకు ఓర్వలేదు, బిళ్లలకు ఓర్వలేదు. చేతిలో ఏమీ మిగలనప్పుడు కూడా ఆమెకు ఆ మనసు ఉంది, నాకు లేదు. ఆ రోజు దానికి కూడా కుళ్లుకుంటూనే గడ్డి తీసుకున్నాను.