ఒక్క కాలి మీదే లేచిన నరాలు

2011 ఎండాకాలం. చిక్కడపల్లి, నారాయణగూడ ఇళ్లలో బాలింతలకు ఒళ్లు రుద్దడం, పసిపిల్లలకు నీళ్లు పోయడం నా పని. ఇప్పటికీ అదే. పెద్దగా చదువుకోలేదు కానీ, ఒకసారి రుద్దిన ఒళ్లు నా చేతులకు గుర్తుంటుంది.

ఆ ఏడు చిక్కడపల్లిలో సుశీలమ్మగారి కోడలు శ్రావణికి ఆపరేషన్ కాన్పు అయింది. కుట్లు మానాక నన్ను పిలిచారు. శ్రావణి తెల్లటి పిల్ల. చేతుల మీద, రొమ్ము మీద పచ్చ నరాలు గీసినట్టు కనపడేవి. ఒంట్లో రక్తం లేకనే తేలుతున్నాయని అత్తగారికి ఒకటే దిగులు. చర్మం పల్చనైతే కనపడతాయమ్మా, పాలిచ్చే తల్లికి ఇంకా కనపడతాయి, అది జబ్బు కాదు అని నేను చెప్పేదాన్ని.

ఆ ఇంట్లో పథ్యం గట్టిది. బాలింత మంచం దిగకూడదు, నీళ్లు ఎక్కువ తాగకూడదు, తాగితే పొట్ట పెరుగుతుందని.

ఒకరోజు పొద్దున నూనె గిన్నె పెట్టుకుని కూర్చుంటే, శ్రావణి ఎడమ పిక్క బిగుసుకుపోయి ఉంది. కుడి కాలికన్నా లావు. ముట్టుకుంటే అదొక్కటే వేడి. తొడ దాకా నరాలు లేచాయి, ముందు రోజు అవి లేవు. శ్రావణి నొప్పి అంటుంటే సుశీలమ్మగారు వాయువు పట్టిందన్నారు.

"నూనె జర వేడి చెయ్యి లక్ష్మమ్మా. గట్టిగ రుద్దితే దిగుతది."

"ఈ కాలు నేను ముట్టనమ్మా. దవాఖానకు తీస్కపోండ్రి."

"రుద్దనీకి పిలిస్తే దవాఖాన అంటవేంది? చాతగాకుంటే చెప్పు, ఇంకొకామెను పిలుస్త."

అదేం జబ్బో నాకూ తెలియదు. వాపున్న చోట వేడి ఉంటే చెయ్యి పెట్టొద్దని పని నేర్పిన మా మేనత్త చెప్పింది, అంతే. ఈ ఇంటి పని పోతే పోయిందనుకుని గిన్నె పక్కన పెట్టాను. సుశీలమ్మగారు నిజంగానే ఫోన్ అందుకున్నారు. అప్పటిదాకా అత్తకు ఎదురు చెప్పి ఎరగని శ్రావణి, కాలు దగ్గరికి లాక్కుంది.

"అత్తమ్మా, నన్ను ఎవ్వరూ రుద్దొద్దు. మీ కొడుకును పిలువుండ్రి, ఆటో తెమ్మనుండ్రి."

ఆటోలో నేనూ వెంట వెళ్లాను. నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో డాప్లర్ తీశారు. నరాల్లో రక్తం ఎలా పారుతోందో చూపించే స్కానింగ్ అది. కాలి లోపలి పెద్ద నరంలో రక్తం గడ్డకట్టిందట. ఆ దారి మూసుకుపోయి రక్తం పైనరాల్లోంచి పోతోంది కాబట్టి అవి అలా తేలాయని డాక్టరమ్మ చెప్పింది. కాన్పయ్యాక రక్తం మామూలుకన్నా తొందరగా గడ్డకడుతుందట. కదలకుండా పడుకోబెట్టి, నీళ్లు తగ్గిస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుందట. రుద్ది ఉంటే గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోయి, ప్రాణం మీదికి వచ్చేదట.

సుశీలమ్మగారు మెల్లగా అన్నారు: "మా అత్త నన్ను గట్లనే పండవెట్టింది కదా డాక్టరమ్మా."

"మీకేం కాలేదు, అది మీ అదృష్టమమ్మా."

సూదులు, మాత్రలతో శ్రావణి కోలుకోవడానికి నెలలు పట్టింది.

నరం కనపడినంత మాత్రాన నేను భయపడను, ఎవరినీ భయపెట్టను. కొత్తగా, ఒక్క వైపే, వాపుతో వేడితో లేస్తే మాత్రం ఆసుపత్రికి పంపుతాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, అత్త ఏం చెప్పినా విని, చివరికి బాలింతనే అడుగుతాను: "రుద్దాల్నా బిడ్డా?" వద్దంటే ఆ పూట చెయ్యి వెయ్యను.