అక్క కత్తెర

మా అక్క దర్జీ. ఆమె గుడ్డ కత్తెరతో ఎవరైనా కాగితం కోశారో, ఇల్లు పీకి పందిరి వేసేది. కాగితం తగిలితే పదును పోతుందని దర్జీలందరూ అంటారు, అక్క దగ్గర మాత్రం అది చట్టం. ఒకసారి నేను సబ్బు కవరు కత్తిరించానని రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆరేళ్ళ కిందట అక్కకి నడుం పట్టేసింది. పట్టిన నొప్పి మళ్ళీ వదల్లేదు. ఎక్స్‌రేలు, మాత్రలు, బెల్టు అన్నీ అయ్యాయి. నెలనెలా ఆసుపత్రికి వెంట వెళ్ళేది నేనే, డాక్టరు ఏమడిగినా గబగబా జవాబు చెప్పేదీ నేనే.

మొన్న బావ ఆ కత్తెరతోనే అట్టపెట్టె కోస్తున్నాడు. అక్క పక్కనే కూర్చుని చూస్తోంది.

"అక్కా, ఏమీ అనవేం?"

"కోసుకోనీలే. నాకింక దాంతో పనేముంది."

మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కత్తెర సంగతి చెబితే డాక్టరమ్మ ఫైలు తిరగేసి, "మనసు సంగతి ప్రతిసారీ అడుగుతూనే ఉన్నాం, అంతా బాగానే ఉందే," అంది. ఫైలు నిండా తొమ్మిదేసి ప్రశ్నల కాగితాలు. నిద్రకి ఇబ్బందిగా ఉందా, పనులంటే విరక్తిగా ఉందా, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా. అన్నింటికీ "లేదు" గడిలోనే టిక్కు. ఇవి అక్కని ఎవరూ అడగగా నేను చూడలేదు.

ఆ కాగితాలు నింపే కౌంటరాయన దగ్గరికి వెళ్ళి నిలదీశాను. అతను తలెత్తలేదు.

"నొప్పితో వచ్చినవాళ్ళని ఇవి అడిగితే ఏడుపు మొదలెడతారమ్మా. లైను ఆగిపోతుంది."

"అందుకని మీరే రాసేస్తారా? మనిషి చచ్చినా లైను నడవాలా?"

"మొదటిసారి అడిగాను కదమ్మా. మా అక్కకేం, రాయిలాంటి మనిషి, అన్నింటికీ లేదని రాసుకోండి అన్నారు. అప్పట్నుంచీ అదే వేస్తున్నా."

అన్నది నేనే. ఏదో గొప్ప చెబుతున్నట్టు నవ్వుతూ అన్నాను కూడా. అతని మీద ఒళ్ళు ఎంత మండిందో, నా మీద అంతకు రెట్టింపు మండింది.

లోపలికి తిరిగొచ్చి జరిగింది చెబితే, డాక్టరమ్మ కొత్త కాగితం తీసి, మొదటి ప్రశ్న అక్కనే అడిగింది. అలవాటుకొద్దీ నేను నోరు తెరిచాను.

"నువ్వు బయటికెళ్ళవే," అంది అక్క. "నేను చెప్పుకుంటాను."

వెళ్ళి తలుపు బయట నిలబడ్డాను. కాసేపటికి లోపలినుంచి ఏడుపు వినబడింది. ఆరేళ్ళలో అక్క ఏడవడం నేను వినలేదు. ముప్పావుగంట గడిచింది. వెనక వరసలో సణుగుడు మొదలైంది, కౌంటరాయన లేచొచ్చాడు.

"ఇంకెంతసేపమ్మా? లైను ఆగిపోయింది."

తలుపుకి అడ్డంగా జరిగాను.

"ఆగనీండి. ఆరేళ్ళ మాటలు. తొందరగా ఎలా అవుతాయి?"