అక్కాతాయి బెల్లం సీసాలు

అక్కాతాయి చౌగులేకి వాసన తెలియడం మానేసి ఆరేళ్లయింది. ఆ సంగతి మొగుడితో కూడా చెప్పలేదు. కూర మాడితే పొగ చూసి దించేది, పాలు విరిగాయేమోనని కాచి చూసుకునేది. పుట్టింది కొల్హాపూర్ పక్క పల్లెలో, బెల్లం వండే మేస్త్రీ ఇంట్లో. తండ్రి పెనం దగ్గర నిలబడి, ఆవిరి ఒక్కసారి పీల్చి, "ఇక దించండ్రా" అంటే దించాల్సిందే. ఆయన ముక్కే తనకీ వచ్చిందని చిన్నతనంలో తెగ మురిసిపోయేది.

ఆ ముక్కును ఫార్మలిన్ తినేసింది. కొల్హాపూర్‌లోని ఒక దంతవైద్య కళాశాల ప్రయోగశాలలో ఇరవై ఆరేళ్లుగా ఆమెది ఒకటే పని. రోగి నోట్లోంచి కోసి తెచ్చిన కండ ముక్క కుళ్లిపోకుండా ఫార్మలిన్‌లో వేయాలి. మర్నాడు తీసి, నీరంతా లాగి, మైనంలో దించాలి. ఉల్లిపొర కన్నా పలచగా తరిగి గాజుపలక మీద పరచాలి. అది చూసి పైన డాక్టర్లు క్యాన్సరో కాదో చెబుతారు. ఘాటును బయటికి లాగాల్సిన ఫ్యాను ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. ముందు వాసన పోయింది, తర్వాత తెల్లవారుజామున దగ్గు పట్టుకుంది. "ఆ మందుకు దూరంగా ఉండు. ఇది ముక్కుతో ఆగేది కాదు" అన్నాడు ఛాతీ డాక్టరు. ఎక్కడికని పోతుంది? ఆమెకు ముందు ఆ బల్ల దగ్గర పనిచేసిన మనిషి ఊపిరి ఆడటం లేదని పైవాళ్లతో మొరపెట్టుకుంటే, పనికి తగడని కాగితం రాసిచ్చి ఇంటికి పంపారు. అది చూసిన నాటి నుంచి అక్కాతాయి నోరు కుట్టేసుకుంది.

అలాంటి రోజుల్లో శర్వరి అనే పై చదువుల పిల్ల వచ్చింది. ఫార్మలిన్ బదులు బెల్లం నీళ్లు వాడితే కండ నిలుస్తుందా అన్నది ఆమె పరిశోధన.

"మావశీ, నీకు బెల్లం సంగతి తెలుసటగా?" అంది, పిన్నిని పిలిచినట్టు.

"దాంట్లోనే కదమ్మా పుట్టింది. బజారు బెల్లం తేకు, తెల్లబడటానికి ఏదేదో కలుపుతారు. మా తమ్ముడి దగ్గర నల్ల బెల్లం తెస్తాను."

నూరు పాళ్ల నీళ్లకు ముప్పై పాళ్ల బెల్లం. గుడ్డలో రెండుసార్లు వడకట్టడం. ఏ పొద్దుకాపొద్దు కొత్తగా కలపడం, లేకపోతే ఈ ఎండలకు పులిసి కూర్చుంటుంది. ఇవన్నీ అక్కాతాయి చెప్పినవే. వచ్చిన ప్రతి ముక్కనూ రెండు చేసి సగం ఫార్మలిన్‌లో, సగం బెల్లంలో వేశారు. బెల్లం సగాలు కణం చెదరకుండా, రంగు చక్కగా పట్టి బయటికొచ్చాయి. విభాగం పెద్ద డాక్టర్ నింబాళ్కర్ కళ్లజోడు పైకి నెట్టుకుని చాలాసేపు చూశాడు. "ముప్పై ముక్కలు నిలబడనివ్వండి. కొత్త ఏడాది నుంచి ఈ బల్ల మీద బెల్లమే" అన్నాడు.

ఇరవై ఆరు నిలబడ్డాయి. ఇంకా నాలుగు. తర్వాత ఆ డబ్బా మూత తీసే పని ఉండదు. తెల్లవారుజామున దగ్గు తెర వచ్చినప్పుడల్లా అక్కాతాయి ఆ నాలుగింటినీ జపంలా తలుచుకునేది.

సీసాలు కడిగే తాత్యాకు మాత్రం బెల్లం కంటగింపయింది.

"చీమలకి పెళ్లి విందు పెట్టావు కదా తాయీ! జిగురు వదలక నా గోళ్లు అరిగిపోతున్నాయి."

"గోళ్లు మళ్లీ పెరుగుతాయిలే తాత్యా."

అతనికి చాన్నాళ్లుగా ఒక అనుమానం. బీరువా వెనక ఎలుక చచ్చినప్పుడు అందరూ ముక్కులు మూసుకుని వరండాలోకి పరుగెత్తితే, అక్కాతాయి ఆ బీరువాకే ఆనుకుని జొన్న భాకరీ రొట్టె, పల్లీ చట్నీ నింపాదిగా తింది. ఆ ముచ్చట తాత్యా ఎక్స్‌రే గదివాళ్లకు చెప్పాడు. నిజంగానే ముక్కు లేదని నిరూపిస్తే హోటల్లో ప్లేటు మిసళ్ టిఫిను పెట్టిస్తామని వాళ్లు పందెం కట్టారు.

జోతిబా జాతరకు మూడు రోజులు సెలవులిచ్చారు. తిరిగి వచ్చేసరికి పాత బెల్లం నీళ్లు నురగలు కక్కుతున్నాయి. గదంతా సారా కాచే ఊట కంపు. తాత్యా నురగ తీసేసి, ఆ నీళ్లు శుభ్రమైన సీసాలో పోసి, ఆ రోజు తేదీ కాగితం అంటించి ఎదురుచూశాడు.

"శర్వరి మేడమ్ ఊళ్లో లేదని పొద్దున్నే నేనే కలిపి పెట్టాను తాయీ. ఒకసారి చూడు, బాగుందా?"

అక్కాతాయి ఎప్పటిలాగే నలుగురూ చూడటం కోసం సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది. "బాగుంది. మా నాన్న పెనం గుర్తొస్తోంది" అంది. గుమ్మం దగ్గర ఎక్స్‌రేవాళ్లు చేతిరుమాళ్లు నోట్లో కుక్కుకున్నారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వింది.

అప్పుడే పై నుంచి ముక్క వచ్చింది. చెరకు కొట్టే హౌసాబాయిది. నలభై ఏళ్లు మాడ్చిన పొగాకు పొడి, మిశ్రీతో పళ్లు తోమిన నోరు, నాలుక అంచున మానని పుండు. ముక్క కందిగింజంత ఉంది, రెండు చేయడానికి వీల్లేదు. అలాంటివి మొత్తం ఫార్మలిన్‌లోనే వేయాలన్నది రూలు. అక్కాతాయి చేయి ఫార్మలిన్ డబ్బా మీద ఒక్క క్షణం ఆగింది. ఇరవై ఆరూ మోసం చేయలేదు. ఇదొక్కటి చేస్తుందా? ఇరవై ఏడు అనుకుని బెల్లంలో వేసేసింది.

తాత్యా నవ్వు ఆగిపోయింది. "తాయీ, అది..."

"ఏంటి?"

"ఏం లేదు." నోరు విప్పితే తన పని పోతుంది. వెళ్లి మిసళ్ తిన్నాడు.

మర్నాడు పట్టకారుతో పట్టుకోబోతే, ఉడికిన పప్పులా విడిపోయింది ముక్క. గాజుపలక మీద చూడటానికి ఏమీ మిగల్లేదు. నింబాళ్కర్ అందరినీ బల్ల చుట్టూ నిలబెట్టి సీసా మూత తీశాడు. ఊరి నుంచి వచ్చిన శర్వరి మొహం తిప్పుకుంది.

"నిన్న మీరు వాసన చూసే వేశారని తాత్యా అంటున్నాడు. నిజమేనా?"

"నిజమే సర్."

"నిన్న బాగున్నది రాత్రికి రాత్రి ఇలా అయిందా? అయితే ఈ బెల్లాన్ని నమ్మడానికి లేదు. ఈ ఆట ఇంతటితో ఆపేద్దాం."

అవునంటే చాలు, ఉద్యోగం నిలుస్తుంది. బెల్లం పోతుంది, ఫార్మలిన్ ఉంటుంది. కాదంటే, ఇంటికి పంపే కాగితం. అక్కాతాయి తాత్యా వంక చూసింది. అతను నేల చూస్తున్నాడు. ఆ చూపుతో ఆమెకు నిన్నటి నవ్వులన్నీ అర్థమయ్యాయి.

"నిన్ననే పులిసి ఉంటుంది సర్. నాకే తెలియలేదు. నాకు వాసన రాదు, ఆరేళ్లయింది. బెల్లం తప్పేమీ లేదు."

"నాతోనైనా చెప్పాల్సింది మావశీ" అంది శర్వరి.

నింబాళ్కర్ మూత బిగించాడు. గొంతు మెత్తబడింది. "భయపడకండి, మిమ్మల్ని పంపించను. ఇంత పలచగా తరిగే చేయి నాకెక్కడ దొరుకుతుంది?"

అక్కాతాయి కొంగుతో మొహం తుడుచుకుంది. దేవుడున్నాడనుకుంది.

"ఒకటి మాత్రం చేయండి. ఫార్మలిన్ ఘాటు పడటం లేదని ఈ పై చదువుల అమ్మాయిలు రోజూ నా ప్రాణం తీస్తున్నారు. కింద గోదాములో డబ్బాలు నింపడం, పాత సీసాలు ఒంపడం, పైన కోసే చోట నిలబడి ముక్కలు సీసాలోకి అందుకోవడం, ఇకమీద అన్నీ మీరే చూడండి. మీకెలాగూ వాసన రాదు కదా!"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మరి బెల్లం, సర్?"

"దానికి ముక్కున్నవాళ్లు కావాలి. తాత్యా కలుపుతాడు."

నాలుగో రోజు హౌసాబాయిని మళ్లీ పిలిపించారు. ముక్క చాల్లేదని చెప్పారు. ఆరు మైళ్లు నడిచి వచ్చి కుర్చీలో కూర్చుంది. ఫార్మలిన్ సీసా మూత తీసి, రెండు చేతులా పట్టుకుని ఆమె దవడ పక్కన నిలబడింది అక్కాతాయి. ఘాటుకు కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

సూది గుచ్చబోతుంటే హౌసాబాయి డాక్టరు చేయి ఆపింది.

"నాకోసం ఏడుస్తున్నావా బాయీ? మొన్న కోసినప్పుడు నా కోడలి కంట కూడా చుక్క రాలేదు. నువ్వెవరివో, చల్లగా ఉండు."

అక్కాతాయి ఏదో చెప్పబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

"సీసా ఇంకొంచెం దగ్గరికి" అన్నాడు డాక్టరు.

ఆమె దగ్గరికి జరిపింది.