పాప ఒంటి మీది తెల్ల పూత

రాజమండ్రిలో ఒక నర్సింగ్ హోం, పై అంతస్తులో చివరి గది. ఉన్నవాళ్ళు: మంచం మీద అక్క, ఆమె పక్కలో ఆ తెల్లవారుజామున పుట్టిన పాప, స్టూలు మీద అమ్మమ్మ, కిటికీ దగ్గర నేను. ఉన్నవి: వేడినీళ్ళ ఫ్లాస్కు, గిన్నెలో నువ్వుల నూనె, డబ్బాలో సెనగపిండి, ఉతికిన పాత చీర ముక్కలు. అమ్మ వంటకని ఇంటికి వెళ్ళింది.

పాప నెల ముందే వచ్చేసింది. బరువు తక్కువ. చంకల్లో, గజ్జల్లో, వీపు మీద వెన్న రాసినట్టు తెల్లటి జిగట పూత. నర్సు పొడిగుడ్డతో తడి మాత్రం అద్ది, రేపటిదాకా నీళ్ళు పోయొద్దంది. ఇంత చిన్నపిల్లకి ఒళ్ళు చల్లబడినా, ఏ ఇన్‌ఫెక్షన్ సోకినా తట్టుకోవడం కష్టమని కూడా చెప్పి వెళ్ళింది.

ఆమె మెట్లు దిగగానే అమ్మమ్మ చెంగు దోపింది. మధ్యాహ్నం అక్క అత్తగారు తణుకు నుంచి వస్తున్నారు. పిల్లని ఇలా చూపిస్తే పుట్టింటివాళ్ళకి శుభ్రం తెలియదంటారని అమ్మమ్మ బెంగ.

"నీళ్ళు వద్దంది గానీ, నూనె వద్దందేంట్రా?" అంటూ గిన్నె దగ్గరికి లాక్కుంది.

నేను మంచానికీ ఆమెకీ మధ్య నిలబడ్డాను. ఎమ్మెస్సీలో నా ప్రాజెక్టు ఇలాంటి పదార్థాల మీదే. మన చర్మం, కన్నీళ్ళు, ఉమ్మి, అన్నిట్లోనూ ఒళ్ళు తనకు తానే తయారుచేసుకునే చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలుంటాయి. అవి బాక్టీరియా పైపొరకి చిల్లులు పొడిచి చంపుతాయి. ఏ టీకా వెయ్యకముందే ఉండే కాపలా అది. ఆ తెల్ల పూతలోనూ అవి ఉన్నాయి. ఇదంతా చేతులు తిప్పుకుంటూ గబగబా చెప్పాను. అమ్మమ్మ పిండిలో నూనె కలుపుతూ విన్నది.

అప్పుడు కొరమేను గుర్తొచ్చింది. బతికున్న కొరమేనుల్ని తొట్టిలో పెట్టి అమ్మమ్మ చాలా ఏళ్ళు అమ్మింది. పొడిచేత్తో ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఒంటి జిగురు ఊడిన చేపకి పుండ్లు పడతాయనేది. ఆ జిగురులోనూ ఇలాంటి పదార్థాలే ఉంటాయన్నాను.

"నా మునిమనవరాలు చేపేంట్రా?"

అక్క నవ్వబోయి, కుట్లు లాగి ఆగిపోయింది. అమ్మమ్మ మాత్రం కలపడం ఆపి, గిన్నె మీద మూత పెట్టింది.

నాకు కుదురు లేకుండా పోయింది. ల్యాబ్‌లో గాజు పళ్ళెంలో బాక్టీరియా చావడం చూశాను. పళ్ళెం వేరు, పాప వేరు. వరండాలో అటూ ఇటూ తిరిగాను. లోపలికొచ్చి పాప పాదాలు ముట్టుకుని చూశాను. అంతకుముందు చేతులు కడుక్కున్నానో లేదో అనుమానమొచ్చి, వెళ్ళి కడుక్కున్నాను.

అత్తగారు వచ్చి గుడ్డ తొలగించి చూశారు. "ఒళ్ళు తుడవలేదేంటండీ?"

అమ్మమ్మ నా వైపు చూడలేదు. "నేనే వద్దన్నానండి. అది మురికి కాదండి, పిల్లకి కాపలా. రేపటిదాకా ఉండనివ్వండి."

ఆవిడ ఒప్పుకున్నట్టు లేరు. అయినా గుడ్డ కప్పేశారు.

మర్నాడు పొద్దున నర్సు పాప చంకలో థర్మామీటరు పెట్టింది. అది మోగేదాకా నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. వచ్చిన అంకెలో ఆ పూత వాటా ఎంతో నేను చెప్పలేను.

తొంభై ఎనిమిది పాయింట్ రెండు.